కనుబొమకు దెబ్బ – కంటికి ముప్పు

కంటిమంటకు నందివర్ధనం పూలు మా ఇంట తరతరాల వైద్యం. ఎండకు కళ్ళు మండినా, నిద్ర లేక ఎర్రబడినా, మూసిన రెప్పలపై ఆ పూలుంచితే హాయిగా ఉంటుంది. ఆ హాయే ఒకసారి నన్ను ఏమరుపాటులో పడవేసింది.

2019 వేసవిలో హిందూపురం నుండి పెళ్ళిపనులకై పెనుకొండలోని చిన్నమ్మగారింటికి వెళ్ళాను. అక్కడ కొండ దిగుతూ కాలు జారి పడ్డాను. ఎడమ కనుబొమ చివర రాతికి గట్టిగా తగిలింది. రక్తం రాలేదు, కొద్దిగా వాచింది, అంతే. సాయంత్రానికి కన్ను లోలోపల సలపసాగింది. "ఏమీ కాదులే నాయనా, వేడి చేసింది" అంటూ చిన్నమ్మ నందివర్ధనం పూలు తెచ్చి రెప్పపై కట్టింది. నొప్పి తగ్గినట్లే తోచింది.

మరునాడు పెళ్ళిచీరలకై ధర్మవరం వెళ్ళాము. అంగడిలో ఎర్రని పట్టుచీర విప్పారు. నొప్పికి ఒక కన్ను, మరొక కన్ను మార్చి మార్చి మూస్తున్న నేను ఉలిక్కిపడ్డాను. కుడికంటికి నిండు కుంకుమరంగుగా ఉన్న చీర ఎడమకంటికి వెలిసిన ఇటుకరంగులో కనిపించింది! నేతగాని తప్పు కాదు గదా.

ఆ ఊరనే ఉన్న, మా కుటుంబమెరిగిన ఆయుర్వేద వైద్యులు విషయమంతా విని మందివ్వలేదు. కనుబొమ కొనకు దిగువన, కంటికి వెలుపలి వైపున 'అపాంగ' మనే మర్మస్థానమున్నదనీ, అక్కడ దెబ్బ తగిలితే చూపు పోవచ్చునని సుశ్రుతుడు ఏనాడో హెచ్చరించాడనీ చెప్పి, వెంటనే బెంగుళూరు రైలెక్కమన్నారు.

నేటి వైద్యమూ ఇదే మాట చెబుతున్నది. కనుబొమ వెలుపలి అంచున తగిలిన దెబ్బ ఎముక గుండా వెనుకకు పాకి, ఇరుకైన ఎముక గొట్టంలో నుండి మెదడుకు పోయే దృష్టినాడిని నలుపగలదు. కన్ను పైకి తెల్లగానే ఉండవచ్చు. రంగులు, అందులోనూ ఎరుపు, మసకబారడం దీని గుర్తులలో ఒకటి.

ఆసుపత్రిలో టార్చి వెలుగును రెండు కళ్ళపై మార్చి మార్చి వేసి, ఎడమ కంటిపాప సరిగా ముడుచుకోవడం లేదన్నారు. సి.టి. స్కాన్‌లో మెదడులో రక్తస్రావం లేదని తేలింది. నలిగిన నాడికి ఖచ్చితమైన మందు లేదనీ, స్టీరాయిడ్ల మేలు రుజువు కాలేదనీ చెప్పి, తరచు పరీక్షిస్తూ వచ్చారు.

తలకు దెబ్బ తగిలి కన్ను నొప్పిచేస్తే కుంకుమభరిణెను ఒక్కొక్క కంటితో చూడండి. తేడా ఉన్నా, ఒకటి రెండుగా కనిపించినా, మెరుపులు తోచినా, కంటిపాపలు చిన్నా పెద్దా అయినా, కంటి నల్లగుడ్డు ముందు రక్తం నిలిచినా, వాంతులూ మగతా కలిగినా క్షణమాగవద్దు. తేడా లేకున్నా నొప్పి నిలిచి ఉంటే వైద్యునికి చూపించవలసిందే. పసరు, తేనె, చనుబాలు కంట్లో పోయరాదు. కన్ను నొక్కరాదు. వైద్యుడు చెప్పనిదే ఆస్పిరిన్ మింగరాదు, అది రక్తస్రావాన్ని పెంచుతుంది.

మూడు నెలలకు నా చూపు చాలావరకు తిరిగివచ్చింది. ఎరుపు మాత్రం ఎడమకంటికి ఇప్పటికీ కొంచెం వెలిసే ఉంటుంది. పెరట్లోని నందివర్ధనాన్ని ఎండ మంటలకు వాడుతూనే ఉన్నాను.