చేతికి వాచీ... చెప్పేది ఎంత నిజం?

శామీర్‌పేట చెరువు వైపు నడిచినా, మేడ్చల్ దారిలోని కండ్లకోయ ఆక్సిజన్ పార్కులో తిరిగినా తోడుగా ఫిట్‌నెస్ వాచీ ఉంటే బాగుండుననిపిస్తుంది. మరి, రోజూ వాడుకోవడానికి అది ఎంతవరకూ పనికొస్తుంది?

వాచీ అడుగుల్ని లెక్కపెట్టేది చేతి కదలికను బట్టే. రెండు చేతులా సంచులు పట్టుకుని నడిస్తే కొన్ని అడుగులు లెక్కలోకి రాకపోవచ్చు. నాడిని ఆకుపచ్చ వెలుగుతో పసిగడుతుంది. పట్టీ వదులైతే అంకె తప్పుతుంది. జీపీఎస్‌తో దూరం బాగా తెలుస్తుంది కానీ ఛార్జింగ్ త్వరగా అయిపోతుంది.

ఇక, 10,000 అడుగుల లక్ష్యం... 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది!

నిన్నటికన్నా ఈరోజు ఎక్కువ నడిచామా లేదా అన్నది చూసుకోవడానికి వాచీ చాలు. గుండెపోటును మాత్రం అది పసిగట్టలేదు. ఛాతీలో నొప్పి వస్తే అంకెలు చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.