పానా పట్టిన చేతికి మేనేజర్ కుర్చీ ఎందుకు దూరం?

కార్ల కంపెనీల అధీకృత సర్వీసు వర్క్‌షాపు ఏ పట్టణంలో చూసినా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ముందు భాగంలో చల్లని గది, సోఫాలు, కంప్యూటర్లు, ఇస్త్రీ చొక్కాలు వేసుకున్న సర్వీస్ అడ్వైజర్లు. వెనుక ర్యాంపులు, నూనె మరకలు, పానాల చప్పుడు. ఒక మూల వాహనాలు కడిగే చోటు. ఈ మొత్తానికీ అధిపతి సర్వీస్ మేనేజర్. వెనుక భాగంలో హెల్పర్‌గా చేరిన యువకుడు కొన్నేళ్లకు మెకానిక్ అవుతాడు, ఆపై సీనియర్ టెక్నీషియన్ అవుతాడు, అదృష్టం బాగుంటే ఫ్లోర్ సూపర్‌వైజర్ కూడా అవుతాడు. అక్కడితో నిచ్చెన మెట్లు అయిపోతాయి. ముందు గదికి వేరే నిచ్చెన ఉంది. ఆ రెండో నిచ్చెన ఎవరికి అందుబాటులో ఉందన్నది కులానికి సంబంధించిన ప్రశ్న. సామాజిక న్యాయ చర్చ ఇంతవరకు దీన్ని తగినంతగా పట్టించుకోలేదు.

సర్వీస్ మేనేజర్ చేసే పని ఏమిటో ముందు చూద్దాం. రోజుకు ఎన్ని జాబ్ కార్డులు తెరిచారు, ఎన్ని ముగించారు, లేబర్ చార్జీల రాబడి ఎంత, విడిభాగాల అమ్మకం ఎంత అన్న లెక్కలు ఆయనవే. వారంటీ క్లెయిములను కంపెనీ తిరస్కరించకుండా చూడాలి. ఒకే ఫిర్యాదుతో మళ్లీ వచ్చిన బండికి కారణం కనిపెట్టాలి. కోపంతో వచ్చిన కస్టమర్‌ను సముదాయించాలి. ఏ పని ఏ మెకానిక్‌కు అప్పగించాలో తెలిసి ఉండాలి. వీటిలో సగం పనులకు మూలం ర్యాంపు కింద గడిపిన అనుభవమే. మిగిలిన సగం లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరాలు, మాట తీరు. అవి నేర్పితే వచ్చేవే. అయినా ఈ ఉద్యోగానికి ప్రకటనల్లో సాధారణంగా అడిగేది ఆటోమొబైల్ డిప్లొమా లేదా మెకానికల్ బీటెక్, వాటితోపాటు ఆంగ్ల సంభాషణ. రెండేళ్ల ఐటీఐ మోటారు మెకానిక్ కోర్సు చదివి, పదిహేనేళ్లు ఇంజన్ శబ్దం విని లోపం చెప్పగలిగినవాడు తొలి వడపోతలోనే ఆగిపోతాడు.

ఐటీఐకి ఎవరు వెళ్తారు, బీటెక్‌కు ఎవరు వెళ్తారు అన్నది కేవలం తెలివితేటల వ్యవహారం కాదు. పదో తరగతి తర్వాత త్వరగా సంపాదనలో పడక తప్పని కుటుంబాలు ఏ కులాలవో మన సమాజానికి తెలుసు. ఐటీఐ గడప కూడా తొక్కకుండా, పన్నెండేళ్లకో పదమూడేళ్లకో ఉస్తాద్ దగ్గర చేరి పని నేర్చుకున్న ముస్లిం, దూదేకుల, కమ్మరి, దళిత యువకులు ఆటోనగర్లలో కోకొల్లలు. మరోవైపు, డీలర్‌షిప్ తెరవాలంటే రహదారి పక్కన విశాలమైన స్థలం, కోట్ల పెట్టుబడి కావాలి. భూమి తరతరాలుగా ఎవరి చేతుల్లో ఉందో వారి చేతుల్లోకే ఈ వ్యాపారం కూడా వెళ్లడంలో ఆశ్చర్యం లేదు. యజమాని తనకు నమ్మకస్తుడైన మేనేజర్ కోసం వెతికేటప్పుడు ఆ చూపు బంధువర్గం, పరిచయాల పరిధిని దాటడం కష్టం.

ఈ ఏర్పాటుకు చరిత్ర ఉంది. బొంబాయి బట్టల మిల్లుల్లో అంటరాని కులాల కార్మికులకు స్పిన్నింగ్ విభాగంలో పని దొరికేది. కూలి ఎక్కువ వచ్చే నేత విభాగంలోకి మాత్రం రానిచ్చేవారు కాదు. తెగిన దారాన్ని అతికేటప్పుడు నోటి తడి తగులుతుందన్నది అందుకు చెప్పిన కారణం. 1928 సమ్మె కాలంలో అంబేడ్కర్ ఈ వివక్షను కార్మిక నాయకుల ముందు ఉంచి, అన్ని విభాగాల్లోనూ ప్రవేశం కావాలని పట్టుబట్టారు. కులం శ్రమను మాత్రమే విభజించదని, శ్రామికులనే మెట్లుమెట్లుగా విడదీస్తుందని 1936 నాటి 'కుల నిర్మూలన'లో ఆయన చేసిన వాదన వెనుక ఇలాంటి అనుభవాలున్నాయి. నేటి వర్క్‌షాపులో మైల గురించి ఎవరూ మాట్లాడరు. దాని స్థానంలో 'కమ్యూనికేషన్ స్కిల్స్', 'పర్సనాలిటీ' అన్న మాటలు వచ్చాయి.

ఈ మాటల వెనుక ఏముందో పరిశోధకులు చూపించారు. సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో కంపెనీల నియామక అధికారులు తాము ప్రతిభ మాత్రమే చూస్తామని చెబుతూనే, అభ్యర్థి కుటుంబ నేపథ్యాన్ని ముఖ్యమైన కొలమానంగా పెట్టుకున్నట్లు తేలింది. అదే ఏడాది సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ప్రచురించిన అధ్యయనం మరింత సూటిది. సమాన అర్హతలు చూపిన దరఖాస్తులను వేర్వేరు పేర్లతో ప్రైవేటు సంస్థలకు పంపితే, దళితులవిగా గుర్తుపట్టగల పేర్లకూ, ముస్లిం పేర్లకూ పిలుపు వచ్చే అవకాశం తక్కువగా కనిపించింది. తెలుగు నేల మీద ఇంటిపేరు ఒక్కటే కులాన్ని ఎల్లప్పుడూ చెప్పదు. అందుకే ఇంటర్వ్యూలో 'మీదే ఊరు, మీ నాన్నగారు ఏం చేస్తారు' అన్న ప్రశ్నలు పుడతాయి. బ్రేకు వ్యవస్థకూ తండ్రి వృత్తికీ సంబంధమేమిటో ఎవరూ చెప్పరు.

మంచి మెకానిక్ మంచి మేనేజర్ కావాలని ఏముంది అన్న వాదన ఒకటి ఉంది. అది కొట్టిపారేయదగింది కాదు. మనుషుల చేత పని చేయించడం వేరే విద్య. అయితే బీటెక్ పట్టాతో వచ్చిన యువకుడికి కూడా ఆ విద్య పుట్టుకతో రాలేదు. సంస్థే అతడికి శిక్షణ ఇస్తుంది, పొరపాట్లు చేస్తే ఓర్చుకుంటుంది. ఆ ఓర్పూ ఆ శిక్షణా మెకానిక్‌కు ఎందుకు దక్కవన్నదే ప్రశ్న. వారంటీ క్లెయిము రాయడానికి అవసరమైన ఆంగ్లం కొద్ది నెలల్లో నేర్చుకోవచ్చు. ఇంజన్ మీద పట్టు కొద్ది నెలల్లో రాదు.

ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లే లేవని అందరూ అనుకుంటారు. 1961 అప్రెంటిస్‌ల చట్టానికి 1973లో చేసిన సవరణ ప్రకారం నిర్దేశిత వృత్తుల్లో ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు శిక్షణ స్థానాలు కేటాయించాలి. 2007 సవరణ దీన్ని ఇతర వెనుకబడిన తరగతులకూ విస్తరించింది. 2019 నుంచి ముప్పై మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. పెద్ద సర్వీసు వర్క్‌షాపులు ఈ పరిధిలోకి వస్తాయి. అంటే ప్రైవేటు గ్యారేజీ గుమ్మం దగ్గర చట్టం ఇప్పటికే ఉంది. గుమ్మం దాటాక పైకి వెళ్లే దారి గురించి మాత్రం అది మౌనం వహిస్తుంది.

ఆర్టీసీ డిపో గ్యారేజీతో పోల్చితే తేడా తెలుస్తుంది. అక్కడ శ్రామిక్ నియామకాలకు రోస్టర్ ఉంది. 2025లో తెలంగాణ ఆర్టీసీకి 743 శ్రామిక్ పోస్టుల ప్రకటన ఆ పద్ధతిలోనే వెలువడింది. పదోన్నతులకు రాసిపెట్టిన నిబంధనలున్నాయి. ప్రభుత్వ ఉద్యోగాల పదోన్నతుల్లో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ కల్పించేందుకు 1995లో 77వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 16(4ఎ) అధికరణ చేరింది. ఆర్టీసీలోనూ వివక్ష ఉండవచ్చు. కానీ ప్రశ్నించే కార్మికుడి చేతిలో ఒక కాగితం ఉంటుంది. డీలర్‌షిప్‌లోని మెకానిక్ చేతిలో ఏమీ ఉండదు.

కనుక అడగవలసినవి స్పష్టంగా అడగాలి. వర్క్‌షాపుల్లో అప్రెంటిస్ కోటా అమలు వివరాలను రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు జిల్లాల వారీగా ఏటా ప్రకటించాలి. అనుభవంతో వచ్చిన నైపుణ్యానికి ధ్రువపత్రం ఇచ్చే పథకాలు టెక్నీషియన్ స్థాయిలోనే ఆగకుండా, సర్వీస్ అడ్వైజర్, మేనేజర్ అర్హతల దాకా సాగాలి. పనిచేస్తున్న మెకానిక్‌ల కోసం పాలిటెక్నిక్‌లలో సాయంత్రపు డిప్లొమా తరగతులు నడపాలి. తమ సర్వీస్ మేనేజర్లలో ఎంతమంది ర్యాంపు మీద నుంచి ఎదిగి వచ్చారో, వారు ఏ సామాజిక వర్గాలవారో కార్ల కంపెనీలు వెల్లడించాలి. విద్యుత్ వాహనాలు వస్తున్న ఈ దశలో కొత్త శిక్షణ అందరికీ అవసరమే. ఆ శిక్షణకు ఎవరిని పంపుతారో, ఎవరిని పాత ఇంజన్ల దగ్గరే వదిలేస్తారో విద్యార్థి, కార్మిక సంఘాలు ఇప్పుడే గమనించాలి. రాబోయే ఇరవై ఏళ్ల నిచ్చెన ఆ జాబితాలోనే తయారవుతోంది.