వెనకబడ్డా... వదిలి వెళ్లరు!

ఆదివారం తెల్లవారుజాము అయిదున్నర. నగరం ఇంకా ముసుగుతన్ని పడుకునే ఉంటుంది. పాలప్యాకెట్లవాళ్లూ పేపరు కుర్రాళ్లూ తప్ప రోడ్డుమీద మరో అలికిడి ఉండదు. హైదరాబాద్ శివార్లలోని నార్సింగి దగ్గర మాత్రం అప్పటికే సందడి మొదలైపోతుంది. హెల్మెట్లు, మిణుకుమిణుకుమనే ఎర్రలైట్లు, గాలిపంపుల చప్పుడు... ఒక్కొక్కరే సైకిళ్లమీద వచ్చి చేరుతుంటారు. వాళ్లకు కాస్త దూరంగా, ఏ గుంపులోనూ కలవకుండా, హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డవాళ్లు కొందరుంటారు. ఎవరైనా పలకరిస్తే బాగుండుననీ, పలకరించకపోతే మెల్లగా ఇంటికెళ్లిపోవచ్చనీ... రెండూ ఒకేసారి అనుకుంటున్నట్టు ఉంటాయి వాళ్ల ముఖాలు.

వాళ్లే కొత్తవాళ్లు. సైక్లింగ్ క్లబ్బులు అప్పుడప్పుడూ పెట్టే 'వెల్‌కమ్ రైడ్' వాళ్లకోసమే!

వచ్చేవాళ్లలో అన్నిరకాలవాళ్లూ ఉంటారు. షుగరు అంచున ఉందని డాక్టరు హెచ్చరించాక బెంగపట్టుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పదో తరగతి తర్వాత సైకిల్ ముట్టని ఇల్లాలు. చిన్నప్పుడు అద్దె సైకిలు తెచ్చుకుని, సీటు అందక, బారు కిందనుంచి కాలు దూర్చి కైంచీ తొక్కిన రోజుల్ని తలచుకుంటూ వచ్చే రిటైర్డ్ ఉద్యోగి. ఎవరి కథ వారిదేగానీ భయం మాత్రం అందరిదీ ఒకటే. లారీలో, గుంతలో కాదు... 'అందరూ ముందుకెళ్లిపోతే నేనొక్కదాన్నే మిగిలిపోతానేమో!'

ఆ భయానికి మందుగా పుట్టిందే 'నో డ్రాప్' నియమం. అంటే, ఎంత వెనకబడినా ఎవర్నీ వదిలి వెళ్లకూడదు. దారి తెలిసిన ఒకరు ముందుంటారు. అనుభవమున్న మరొకరు అందరికన్నా వెనక ఉంటారు. ఆయన పేరు 'స్వీప్'. ఆయన్ని దాటి ఎవరూ వెనకబడటానికి వీల్లేదు. గంటకు 15 కిలోమీటర్లు పోయినా సరే, 12 పోయినా సరే, ఆయన వేగం అందరికన్నా నెమ్మదిగా తొక్కేవాళ్ల వేగమే.

సీటు దగ్గరే చిక్కంతా...

బయల్దేరేముందు సైకిళ్ల పరీక్ష జరుగుతుంది. గాలి, బ్రేకులు, చైను- ఈ మూడూ చూడందే కదలరు. నిరుడెప్పుడో కొట్టించిన గాలితో వచ్చేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. హెల్మెట్ వెనక్కి వాలి, నుదురంతా బయటికి కనిపిస్తుంటే సరిచేస్తారు. కనుబొమలకు రెండువేళ్ల ఎత్తులో ఉండాలది.

ఎక్కువమంది తప్పుచేసేది సీటు ఎత్తు విషయంలో. కూర్చున్నప్పుడు రెండుకాళ్లూ నేలకు పూర్తిగా ఆనాలని, పడిపోతామన్న భయంతో సీటును బాగా కిందికి దించేస్తారు. అలా తొక్కితే మోకాలు ఎప్పుడూ బాగా వంగే ఉంటుంది. అయిదు కిలోమీటర్లకే నొప్పి. 'నావల్ల కాదు, వయసైపోయింది' అనుకుని మానేస్తారు... తప్పు వయసుది కాదు, సీటుది! పెడల్ కిందికి వచ్చినప్పుడు మడమ దానిమీద ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. అప్పుడు మునివేళ్ల దగ్గరి పాదంతో తొక్కితే మోకాలు కొద్దిగా మాత్రమే వంగుతుంది. సరిచేయడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు కేటాయించేవాళ్లు లేకే ఎన్ని సైకిళ్లు బాల్కనీల్లో బట్టలారేసుకోవడానికి పనికొస్తున్నాయో!

ఆ తర్వాత సైగలు. గుంత కనిపిస్తే ముందున్నవాళ్లు చేత్తో కిందికి చూపిస్తారు. వెనక బండి వస్తుంటే గట్టిగా కేకవేస్తారు. ఆ కేక చివరివరకూ ఒకరినుంచి ఒకరికి అందాల్సిందే. మరో ముఖ్యమైన సంగతి- ముందువాళ్ల వెనకచక్రం పక్కకు మన ముందుచక్రం రాకూడదు. రెండూ తగిలితే పడేది దాదాపు ఎప్పుడూ వెనకున్నవాళ్లే. కుక్క వెంటపడితే? కంగారుపడి పక్కకు తిప్పొద్దనీ, అవసరమైతే దిగి, కుక్కకూ మనకూ మధ్య సైకిలు ఉండేలా నిలబడమనీ చెబుతారు. ఈ పాఠం మాత్రం అందరూ చెవులు రిక్కించి వింటారు.

నీడ కింద నేర్చుకుని...

కొత్తవాళ్లకు హైదరాబాద్‌లో ఓ సదుపాయం కలిసొచ్చింది. ఔటర్ రింగురోడ్డు పక్కన సోలార్ పలకల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. నానక్‌రామ్‌గూడ వైపు ఒక దారి, నార్సింగి నుంచి కొల్లూరుదాకా మరొకటి. వెడల్పు నాలుగున్నర మీటర్లు. నడినెత్తిన ఎండ పడదు, పక్కనుంచి బస్సు దూసుకురాదు. గేర్లు మార్చడం, ఒక చేయి వదిలి సైగ చేయడం అలవాటు కావడానికి ఇంతకన్నా మంచిచోటు ఏముంటుంది!

చిక్కల్లా అక్కడిదాకా రావడమే. నగరం నడిబొడ్డునుంచి తొక్కుకుంటూ రావడానికి జంకి చాలామంది సైకిల్‌ను కారు వెనక కట్టుకుని వస్తారు. సైకిలు తొక్కడానికి కారులో రావడమేంటని నవ్వుకునేవాళ్లూ ఉన్నారుగానీ... ఆ నవ్వు చెందాల్సింది వాళ్లకు కాదు, మన రోడ్లకు. అందుకే కాస్త ధైర్యం వచ్చాక గండిపేట వైపు మామూలు రోడ్డెక్కిస్తారు. 1908 మూసీ వరదల తర్వాత కట్టి, 1920లో పూర్తిచేసిన ఉస్మాన్‌సాగర్ గట్టున చల్లటి గాలి మొహానికి కొట్టాక, అప్పటిదాకా బిగుసుకుని ఉన్న భుజాలు వాటంతటవే వదులవుతాయి.

ఆ రోడ్డుమీదే ఎదురవుతారు మరో రకం సైక్లిస్టులు. రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికెళ్లే వాచ్‌మెన్లు. గేర్లుండవు, హెల్మెట్ ఉండదు, వెనక లైటూ ఉండదు. వాళ్లు ఏ క్లబ్బులోనూ సభ్యులు కారు. వాళ్లకెవరూ వెల్‌కమ్ రైడ్ పెట్టరు!

ఎత్తు వచ్చిందంటే అసలు పరీక్ష మొదలైనట్టే. ఆయాసం, గేరు పడక కటకటమనే చైను. 'గేరు తగ్గించండి మేడమ్, ఎత్తు ఎక్కకముందే మార్చాలి' అని వెనకనుంచి వినిపిస్తుంది. అయినా కొందరికి సాధ్యం కాదు, దిగి నడిపిస్తారు. అప్పుడు స్వీప్ ఏం చేస్తాడో చూడాలి. పక్కనుంచి తొక్కుకుంటూ ధైర్యం చెప్పడు... ఆయనా దిగి తన సైకిల్‌ను నడిపిస్తూ, పిల్లలేం చదువుతున్నారని మాట్లాడుతూ పక్కనే నడుస్తాడు.

అన్ని క్లబ్బులూ, అన్ని ఆదివారాలూ ఇలాగే ఉంటాయనీ కాదు. మెల్లగా వెళదామని చెప్పి, ముందున్న ఇద్దరు పోటీపడ్డారంటే చాలు, అరగంటలో కొత్తవాళ్లు రోడ్డుమీద ఒంటరి. అలా మిగిలిపోయినవాళ్లు ఫిర్యాదు చేయరు, మరోసారి రారంతే.

మధ్యలో ఎవరికో పంక్చరవుతుంది. అందరూ ఆగుతారు. ట్యూబు మార్చడం అక్కడే ఓ తరగతి. కొత్తట్యూబు వేసేముందు టైరు లోపల వేళ్లతో జాగ్రత్తగా తడిమి చూడాలి. తుమ్మముల్లు అందులోనే ఉంటే రెండోది కూడా పోతుంది మరి!

చివరికి ఇడ్లీబండి దగ్గర అందరూ చేరతారు. అక్కడ పాతవాళ్ల కబుర్లు వింటే కళ్లు తిరుగుతాయి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తిచేసే రైడ్లట. ఫ్రాన్స్‌లో నాలుగేళ్లకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ అయితే 1200 కిలోమీటర్లట, గడువు 90 గంటలట. 20 కిలోమీటర్లు తొక్కి చట్నీలో ఇడ్లీ ముంచుకుంటున్న కొత్తవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు.

వీళ్లలో వచ్చేవారం ఎంతమంది వస్తారన్నది అప్పుడే చెప్పలేం. 'చాలా బాగుంది, తప్పకుండా వస్తాం' అనేవాళ్లను క్లబ్బువాళ్లు పెద్దగా లెక్కలో వేసుకోరు. ఇందాక ఎత్తుమీద సైకిలు నడిపించిన ఇల్లాలు చేతులు కడుక్కుని, స్వీప్ దగ్గరికొచ్చి, 'గాలి కొట్టే పంపు ఎంతకొస్తుందండీ?' అని అడిగిందంటే మాత్రం... వచ్చే ఆదివారం జాబితాలో ఆమె పేరు ఆమెను అడక్కుండానే రాసేసుకుంటారు.