మహానౌకకు చేయూత – టగ్గు

రాయపూర్ నగరంలోని మోవాకు, విశాఖపట్నం రేవుకు మధ్య 500 కిలోమీటర్లకు పైగా దూరమున్నది. అయినప్పటికీ ఈ రెంటి బంధము పాతది. నాటి మధ్య పరగణాలకు సముద్రద్వారం కల్పించాలన్న సంకల్పంతోనే రాయపూర్–విజయనగరం రైలుమార్గము 1931లోను, విశాఖ రేవు 1933లోను రూపుదిద్దుకొన్నాయి. భిలాయి ఉక్కు కర్మాగారానికి విదేశాల నుండి వచ్చే కోకింగ్ బొగ్గు విశాఖలో దిగి, వ్యాగన్లలో ఈ ప్రాంతానికి చేరుతుంది. ఆ బొగ్గు ఓడను క్షేమంగా బెర్తుకు చేర్చే చిన్న నౌకయే టగ్గు.

సాగరాలను దాటివచ్చిన ఓడకు చిన్న నౌక సాయమెందుకు? చుక్కాని పనిచేయాలంటే దానిని ఒరుసుకొంటూ నీరు వేగంగా పారాలి. రేవులో వేగం తగ్గినకొద్దీ ఓడ చుక్కాని మాట వినదు. ఇక గాలి మాటే చెల్లుతుంది. 2020 అక్టోబరు 13న పెనుగాలులకు లంగరు నిలువక, బంగ్లాదేశ్ నౌక ‘మా’ విశాఖలోని తెన్నేటి పార్కు వద్ద ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన సంగతి విదితమే. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా సాగే ఇరుకైన కాలువలో అట్టి పొరపాటుకు తావులేదు.

టగ్గు రూపంలో అందం కన్న అవసరమే మిన్న. వెనుక భాగం నీటికి దగ్గరగా ఉంటుంది. నలుదిక్కులు కనబడేలా అద్దాలతో చుక్కానిగది ఎత్తున నిలుస్తుంది. ఓడను ఆనుకొని నెట్టేటప్పుడు దెబ్బ తగలకుండ చుట్టూ రబ్బరు దిండ్లు, పాత టైర్లు వ్రేలాడుతుంటాయి. సుమారు 30 మీటర్ల నౌక 50 టన్నుల బలంతో లాగగలదు. అన్ని వైపులకు తిరిగే ప్రొపెల్లర్ల వలన ఆధునిక టగ్గు ఉన్నచోటనే గిరగిర తిరుగగలదు.

ఓడ పైనుండి బరువు కట్టిన సన్నని త్రాడు విసురుతారు. లస్కర్లు దానికి పెద్ద మోకును ముడివేయగా, ఓడవారు పైకి లాగి తగిలించుకొంటారు. పైలట్ ఆజ్ఞలు రేడియోలో వినవస్తాయి. ఒక టగ్గు ముందు లాగుతుంది. మరొకటి వెనుక నిలిచి ఓడను అదుపు చేస్తుంది.

ఈ పనిలో ప్రాణాపాయం లేకపోలేదు. మోకు అడ్డంగా బిగిసి టగ్గును పక్కకు లాగినచో అది క్షణాలలో ఒరిగిపోగలదు. అందుకే మోకును తక్షణం విడిచే మీట చుక్కానిగదిలో మాస్టరు చేతికందేలా ఉంటుంది. లాగుతున్నంతసేపు కింది గదుల తలుపులు మూసి ఉంచుతారు. బిగిసిన మోకు దరిదాపులలో ఎవరినీ నిలువనీయడు సరంగు. తెగిన మోకు కొరడావలె వెనుదిరిగి కొడుతుంది.

ఇంజను గదిలో చెవులకు రక్షణ లేనిదే నిలువలేరు. కెరటాలకు గిన్నెలు జారకుండ పొయ్యి చుట్టూ ఇనుప కడ్డీలుంటాయి. ఓడల రాకపోకలకు రాత్రింబవళ్ళ తేడా లేదు. భండారీ వండిన అన్నం పళ్ళెంలో ఉండగానే పిలుపు రావచ్చు. తుఫాను హెచ్చరిక వచ్చినచో ఓడలను బెర్తుల నుండి విడిపించి సముద్రంలోకి సాగనంపే బాధ్యత కూడ వీరిదే.

విశాఖ వెళ్ళిన పాఠకులు కోస్టల్ బ్యాటరీ వద్ద కొంతసేపు నిలిచి చూడగలరు. కాలువలో ప్రవేశించే ఓడ అందరి దృష్టికీ వస్తుంది. దాని పక్కన మోకు పట్టుకొని నడిచే చిన్న నౌకను, అందలి శ్రామికులను కూడ గుర్తింతురుగాక! మన కొలిమికి చేరే బొగ్గులో వారి చెమట కూడ కలిసియున్నది.