రౌటర్: పొరలు, మాడ్యూళ్లు



కంప్యూటర్లున్న బడిలోనైనా, సహకార సంఘంలోనైనా ఈనాడు రౌటర్ అనే పెట్టె ఒకటి కనిపిస్తుంది. ఒక నెట్‌వర్క్ నుండి మరో నెట్‌వర్క్‌కు సమాచారాన్ని దారి చూసి పంపడం దాని పని. కొనేటప్పుడు చాలామంది ధర ఎంత, వేగం ఎంత అని మాత్రమే అడుగుతారు. అంతకు ముందే అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. అవి అడగకపోతే ఒకే పనికి రెండుసార్లు డబ్బు పెట్టవలసి రావచ్చు.

బళ్ళారి నుండి బరంపురంలోని బంధువులకు మీరు ఉత్తరం రాశారనుకుందాం. లోపల విషయం తెలుగులో ఉంది. కవరు మీద చిరునామా ఇంగ్లీషులో ఉంది. ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగికి తెలుగు రానక్కరలేదు, చిరునామా చదివితే చాలు. సంచిని మోసే రైలుకు ఆ చిరునామాతో కూడా పనిలేదు. ఎవరి పని వారిదే, అయినా ఉత్తరం చేరుతుంది.

నెట్‌వర్క్‌లోని పొరలు కూడా ఇలాంటివే. అన్నిటికీ అడుగున రాగి తీగ, ఫైబర్ కేబుల్ లేదా రేడియో తరంగం. దానిపైన పక్క యంత్రం దాకా చేర్చే ఈథర్‌నెట్. ఆపైన చివరి గమ్యాన్ని చూసే ఐ.పి. దానిమీద పొల్లుపోకుండా వరుసగా అందేలా చూసే టి.సి.పి. అన్నిటికంటే పైన మనం వాడే ఈ-మెయిల్, వెబ్. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ప్రచురించిన వ్యాసం ఈ టి.సి.పి., ఐ.పి. పద్ధతికి పునాది. 1983 జనవరి 1న అమెరికాలోని అర్పానెట్ ఈ పద్ధతికి మారింది.

పాకెట్ రాగానే రౌటర్ ఈథర్‌నెట్ కవరు విప్పుతుంది, ఐ.పి. చిరునామా చూస్తుంది, తన పట్టికలో దారి వెతికి కొత్త కవరులో పెట్టి పంపుతుంది. పాకెట్ మీద ఆయుష్షు వంటి అంకె ఒకటి ఉంటుంది. ప్రతి రౌటరూ దాన్ని ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయితే పాకెట్‌ను పారేస్తుంది. దారితప్పినవి కలకాలం తిరగకుండా ఇది కట్టడి. పోయినదాన్ని మళ్ళీ పంపే పూచీ రౌటర్‌ది కాదు, రెండు కొసల కంప్యూటర్లలోని టి.సి.పి.ది.

ఇక పెట్టె సంగతి. పెద్ద రౌటర్లలో దారులు నిర్ణయించే ప్రాసెసర్, తీగలు తగిలించే లైన్ మాడ్యూళ్లు, వాటిని లోలోపల కలిపే భాగం, విద్యుత్ యూనిట్ విడివిడిగా ఉంటాయి. చిన్నవాటిలో అన్నీ ఒకే పలకపై ఉన్నా, కొన్నిటిలో ఫైబర్ మాడ్యూల్ దూర్చే ఖాళీ అర ఉంటుంది. రేపు రాగి లైను పోయి ఫైబర్ వస్తే ఆ మాడ్యూల్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. పైపొరల్లోని ఈ-మెయిల్‌కు ఆ మార్పు తెలియనే తెలియదు. పొరలను విడదీసినందువల్ల కలిగే లాభం ఇదే.

ఉదాహరణకు, ఒక బడికి రెండు భవనాలు, మధ్య దూరం 250 మీటర్లు అనుకోండి. మామూలు రాగి ఈథర్‌నెట్ తీగకు హద్దు 100 మీటర్లు. కనుక అక్కడ ఫైబర్ వేయాలి, రెండువైపులా దానికి తగిన మాడ్యూళ్లుండాలి. ఇది అడుగు పొర ప్రశ్న. ఎంత వేగవంతమైన ప్రాసెసర్ కొన్నా దీన్ని తీర్చలేదు.

అందుచేత కాగితం మీద ముందు ఇవి రాసుకోండి. బయటినుండి వచ్చే లైను ఏ రకం? లోపల ఎన్ని తీగలు తగిలించాలి, ఎంత దూరం? వచ్చే ఐదేళ్లలో ఎన్ని పెరుగుతాయి? అన్ని కంప్యూటర్లూ ఒకేసారి పనిచేస్తే ఎంత భారం? 32 బిట్ల పాత ఐ.పి. చిరునామాలతో పాటు 128 బిట్ల కొత్తవీ పెట్టెకు తెలుసా? వీటికి జవాబులు దొరికాకే ధర మాట్లాడండి.

చెడిపోయినప్పుడూ ఇదే వరుస. ముందు తీగ దగ్గరి దీపం వెలుగుతోందా, తరువాత చిరునామా సరిగ్గా ఉందా, ఆ తరువాతే వెబ్ సంగతి. కిందినుండి పైకి వెదికితే, పనిచేస్తున్న పెట్టెను పారేసి కొత్తది కొనే అవసరం చాలాసార్లు రాదు.