మీకు తెలుసా? పేపర్ కప్పులోనూ ప్లాస్టిక్కే!

ఆఫీసులో ప్లాస్టిక్ కప్పులు మానేసి పేపర్ కప్పులు తెప్పించారా? ఒకసారి కప్పు లోపల వేలితో తడిమి చూడండి, నున్నగా తగులుతుంది. అది పాలిథిన్ పొర. అదే లేకపోతే వేడి టీకి కాగితం నాని కారిపోతుంది. ఈ పొర వల్లే పాత పేపర్లు కొనేవాళ్లు వాడేసిన కప్పుల జోలికి రారు. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో ఇంకో సంగతి తేల్చారు. ఇలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు పోసి పావుగంట ఉంచితే, దాదాపు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు ఆ నీళ్లలో కలుస్తాయట!

మరి స్టీలు గ్లాసులు పెట్టొచ్చుగా? పెట్టొచ్చు. కడిగేదెవరు? పర్యావరణం మీద ఎన్ని పోస్టర్లు అంటించినా అసలు పేచీ సింకు దగ్గరే మొదలవుతుంది. ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకుని, ఎవరిది వాళ్లు కడుక్కునే పద్ధతే నాలుగు కాలాలు నిలుస్తుంది. ఆ పని కూడా ఆఫీస్ బాయ్ నెత్తిన రుద్దితే మళ్లీ పేపర్ కప్పులే దిక్కు.

సభలకీ ఫంక్షన్లకీ వెళ్లినప్పుడల్లా చేతిలో పెట్టే కొత్త గుడ్డ సంచుల మాటేమిటి? పత్తి పండాలంటే నీళ్లు, ఎరువులు, పురుగుమందులు కావాలి. డెన్మార్క్ పర్యావరణ శాఖ 2018లో వేసిన లెక్క ప్రకారం, ఒక్క వాతావరణ మార్పునే చూసుకున్నా, నూలు సంచిని కనీసం 52 సార్లు వాడితే గానీ అది ప్లాస్టిక్ సంచికి సరితూగదు. అయితే మురిక్కాలువల్లోనూ ఆవుల కడుపుల్లోనూ చేరే ప్లాస్టిక్ సంగతి ఆ లెక్కలో లేదు. కాబట్టి గుడ్డ సంచి మానక్కర్లేదు, ఉన్నదాన్నే మళ్లీ మళ్లీ పట్టుకెళ్తే చాలు. పాత ప్యాంటుతో కుట్టించిన సంచికైతే ఈ లెక్కతో పనే లేదు.

ఇంట్లో ఆర్వో ఉందా? లీటరు మంచినీళ్లు ఇవ్వడానికి చాలా యంత్రాలు రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తాయి. నీళ్లలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాల వంటి పదార్థాలు, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే ఆర్వో వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో ఆదేశించింది. మీ కుళాయికి కృష్ణా, గోదావరి నీళ్లే వస్తుంటే ముందు టీడీఎస్ కొలిపించండి. ఉప్పు బోరు నీళ్లయితే ఆర్వో తప్పదు. అలాంటప్పుడు వదిలేసే నీళ్లు బకెట్లో పట్టి ఇల్లు తుడవండి.

2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఉన్న కొత్త గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా వస్తున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా. ఆఫీసులో రిమోట్ ఎవరి చేతిలో ఉండాలన్నది మాత్రం ఏ ప్రభుత్వమూ తేల్చలేదు!

ఇక సెట్‌టాప్ బాక్సు. రిమోట్‌తో ఆపినా అది కరెంటు తాగుతూనే ఉంటుంది. పడుకునే ముందు గోడ మీది స్విచ్ కట్టేయండి.