అక్కినేని గొంతూ, నా చిట్టా పుస్తకమూ

2013 అక్టోబరు 19, శనివారం. ధన్‌తేరస్‌కి ఇంకా పదమూడు రోజులుంది.

ఆ పదమూడు రోజులూ మా బేగంబజార్ ఎలా వుంటుందో చూడనివాళ్ళకి చెప్పడం కష్టమే సుమండీ! ఆ పండుగనాడు ఒక్క గిన్నె అయినా కొనాలన్నది ఉత్తరాది వాళ్ళ ఆచారం. అంచేత జిల్లాల నుంచి చిల్లర వ్యాపారులంతా మా సందుల్లోకే దిగుతారు. బిందెలు, టిఫిన్ డబ్బాలు, గంగాళాలు గోనెల్లో కట్టి హమాలీల వీపుల మీద వూరేగుతూంటాయి. ఎవరో ఒకరు మోచేత్తో పొడవకుండా నాలుగడుగులు వెయ్యలేం. పక్క సందులో దంచిన మిరపకారం ఘాటు ముక్కులోకి కొట్టి తుమ్ములే తుమ్ములు. ఎప్పుడో నిజాం అలీఖాన్ బేగం హుమ్దా బేగం వర్తకులకిచ్చిన జాగా అట యిది. ఆవిడ యిప్పుడొచ్చి చూస్తే నిలబడడానికి చోటు దొరకదు!

ఆ బజార్లో ఒక స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్లో నేను గుమాస్తాని. అప్పటికి ముప్ఫయి ఒక్క ఏళ్ళు. నెలకి తొమ్మిది వేలు. భార్య, రెండేళ్ళ పాప.

ఆ శనివారం పొద్దున్న కొట్లో చిన్న టీవీ మోగుతోంది. అన్నపూర్ణ స్టూడియోలో అక్కినేని నాగేశ్వరరావు గారు విలేకరుల్ని పిలిచి మాట్లాడుతున్నారు. ఏదో సినిమా కబురనుకున్నాం. కాదు. తనకి క్యాన్సర్ వచ్చిందని ఆయనే చెప్పుకుంటున్నారు! కంఠంలో వణుకు లేదు. కల్లో గిన్నెలు తూచే కుర్రాడు కూడా తూకం ఆపేశాడు.

నేను కుర్చీలో కదల్లేదు. ఎందుకంటే అంతకు మూడు రోజుల ముందే నా మెడ పక్కన గడ్డలోంచి తీసిన ముక్క తాలూకు రిపోర్టు వచ్చింది. ఆ కాయితం మడిచి నా చొక్కా జేబులోనే వుంది. కొట్లో ఎవరికీ చెప్పలేదు.

సినిమా క్యాన్సరూ, అసలు క్యాన్సరూ

మా నాన్న అక్కినేని వీరాభిమాని. 1981లో దాసరి నారాయణరావు గారు తీసిన 'ప్రేమాభిషేకం' ఎన్నిసార్లు చూశాడో ఆయనకే లెక్క లేదు. నేను టీవీలో చూసి ఏడ్చినవాణ్ణి. అందులో హీరోకి క్యాన్సరని తెలుస్తుంది. తెలిసిన వెంటనే ఏం చేస్తాడు? దాచేస్తాడు! ప్రేమించిన శ్రీదేవి తనని అసహ్యించుకోవాలని జయసుధ ఇంటికి వెళ్ళి చెడ్డవాడిలా నటిస్తాడు. మనం కర్చీఫులు తడుపుకుంటాం.

నిజం చెప్పొద్దూ, ఆ మూడు రోజులూ నేనూ అదే పనిలో వున్నాను. మా ఆవిడకి కూడా సగమే చెప్పాను. మరి అదే నాగేశ్వరరావు గారు, ఎనభై తొమ్మిదేళ్ళు నిండిన మనిషి, అసలు జబ్బు వచ్చినప్పుడు మైకులు పెట్టి ప్రపంచానికంతా చెప్పేశారే! 1974లో అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చి, ఆ తర్వాతే 'ప్రేమాభిషేకం' చేసిన మనిషి. జబ్బంటే ఏమిటో ఆయనకి ఒకరు చెప్పాలా?

మధ్యాహ్నం గల్లా దగ్గర కూచున్న సేఠ్‌కి కాయితం చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "అరే భాయ్, సీజన్‌ల గిట్ల చెప్తవా!" అన్నాడు ముందు. ఆ వెంటనే తనకే సిగ్గేసినట్టుంది. "నువ్వు మంచిగై రా. ఖాతాలు యాడికి పోతయి?" అన్నాడు.

ఖాతాలు ఎక్కడికీ పోవు. జీతం సంగతి మాత్రం ఆయనా ఎత్తలేదు, నేనూ అడగలేదు.

రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి మాకు దగ్గరే. మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద 1955లో మొదలైన పాత సర్కారీ దవాఖానా. డాక్టరమ్మ చెప్పిన పేరు 'హాడ్కిన్స్ లింఫోమా'. 'ఆనంద్' సినిమాలో రాజేష్ ఖన్నాకి వచ్చిన 'లింఫోసార్కోమా' లాగే వినిపించింది నాకు. ఆ మాటే పైకి అన్నాను. ఆవిడ నవ్వింది. "అది 1971 నాటి సినిమా అయ్యా. అతని జబ్బు వేరు, నీది వేరు. సరిగ్గా మందు ఎక్కించుకుంటే చాలామందికి నయమవుతుంది" అంది. పదిహేను రోజులకోసారి చొప్పున పన్నెండు సార్లు. నాలుగు మందులు. అందులో ఒకటి ఎర్రగా, రోజ్‌మిల్క్‌లా వుంటుంది.

మందులకి ఆరోగ్యశ్రీ వుంది. తెల్లకార్డు వుంది కనక నా చేతి నుంచి పెద్దగా పడలేదు. కానీ బియ్యానికి ఏ శ్రీ వుంది చెప్పండి? మా కొట్లో పనిచేసేది ఆరుగురం. ఇ.ఎస్.ఐ. లేదు. పదిమంది, ఆ పైన వుండే చోట పనిచేసే కుర్రాళ్ళు యిది చదువుతూంటే ఒక్క మాట చెవిన వేసుకోండి. 21 వేల లోపు జీతగాళ్ళకి యిప్పుడు ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. రెండేళ్ళ సర్వీసు వుంటే, 91 రోజుల మామూలు జబ్బు భత్యం అయిపోయాక, క్యాన్సర్ లాంటి పెద్ద జబ్బులకి జీతంలో 80 శాతం చొప్పున రెండేళ్ళ వరకూ వస్తుంది. మీ జీతంలో కోత పడుతోందా లేదా ఓసారి చూసుకోండి. నాకు ఆ కోత పడలేదు. పడి వుంటే ఈ కథే వేరుగా వుండేది.

కాబట్టి "పనికి వెళ్ళాలా వద్దా" అన్నది నాకు వేదాంతం కాదు, అద్దె. దాని మీద టీవీలో చూసిన అక్కినేని వారి ధీమా ఒకటి తోడైంది. ఆయన మానలేదు, నేనెందుకు మానాలి? అనుకున్నాను హీరోలా!

హీరోయిజం డిసెంబరు దాకా

అక్టోబరు 25న మొదటి సెలైను. ధన్‌తేరస్ నాడు కొట్లో వున్నాను. నవంబరు 3న దీపావళి లక్ష్మీపూజలో సేఠ్ కొత్త ఖాతా పుస్తకానికి కుంకుమ పెట్టి నా చేతికే యిచ్చాడు. మొదటి పేజీ నేనే రాశాను. ఆ రోజు నా అంత గొప్పవాడు లేడనిపించింది.

మూడో సెలైను తర్వాత జుట్టు పోయింది. అది పెద్ద బాధ కాదు, తిరుపతి వెళ్ళొచ్చానన్నాను. వేళ్ళ కొసలు మొద్దుబారడం మొదలైంది. అది మందు గుణమేనట. గుమాస్తాకి వేళ్ళు మొద్దుబారితే ఏమవుతుందో తెలుసా? నోట్ల కట్ట లెక్కపెడితే ఒకసారి 98, యింకోసారి 101! పదేళ్ళలో ఒక్క రూపాయి తేడా రాని చెయ్యి నాది. కళ్ళమ్మట నీళ్ళొచ్చిన మొదటి రోజు అదే.

డిసెంబరులో, నాలుగో సెలైను అయిన తర్వాత వారానికి, కొట్లో చలి పుట్టుకొచ్చింది. సీజను కాదు కానీ పెళ్ళి సామాన్ల బేరం జోరుగా వుంది. ఈ లెక్క తేలాక పోదాం, ఆ లెక్క తేలాక పోదాం అని సాయంత్రం దాకా కూచున్నాను. జ్వరం 102. డాక్టరమ్మ ముందే చెప్పింది, నూరు దాటితే గంట కూడా ఆగొద్దని. రక్తంలో తెల్లకణాలు అట్టడుగుకి దిగిపోయి వున్నాయి. అయిదు రోజులు మంచం మీదే, సూదులే సూదులు. ఆ గుంపులో, ఆ దుమ్ములో కూచుని నేనే కొని తెచ్చుకున్న జ్వరం అది. ఎవర్నీ అనడానికి లేదు.

మంచం పక్కన మా ఆవిడ. సగం చెప్పి సగం దాచినందుకు అప్పటికే నెల్నాళ్ళు మాట్లాడలేదు నాతో. ఆ రోజు మాట్లాడింది. "నువ్వు కొట్టుకు పోవుడెందుకు? గా పుస్తకాలే ఇంటికి తెప్పించుకోరాదూ!"

ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదో యిప్పటికీ తెలీదు. నా బుర్రలో రెండే రెండు వున్నాయి: పోవడం, మానడం.

సేఠ్ ఒప్పుకున్నాడు. జీతం సగం చేశాడు. ఆ సగం నాకు న్యాయంగానే తోచింది, మా ఆవిడకి తోచలేదు. రోజూ రాత్రి కొట్టు కట్టేశాక తూకం కుర్రాడు చిట్టా పుస్తకాలు గుడ్డసంచీలో వేసుకుని మా ఇంటికొచ్చేవాడు. పొద్దున్నే వచ్చి పట్టుకుపోయేవాడు. సెలైను పెట్టిన తర్వాత నాలుగు రోజులు సెలవు. ఓపిక వున్న రోజున పది పేజీలు, లేని రోజున రెండు.

జనవరి 22, బుధవారం. తెల్లారేసరికి కబురు. అక్కినేని గారు వెళ్ళిపోయారు. మా నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను నా జబ్బు గురించి అంతగా భయపడ్డ రోజు యింకోటి లేదు. ఆయనకే యిలా అయితే... అని. మర్నాడు అన్నపూర్ణ స్టూడియోలో దహనం టీవీలో చూశాం.

తర్వాత బయటికొచ్చింది అసలు సంగతి. 'మనం' సినిమాకి తన గొంతు యింకెవరూ చెప్పకూడదని, డబ్బింగు పరికరాలు తన మంచం దగ్గరికే తెప్పించుకుని ఆయన మాటలు పూర్తి చేశారట! ఆ వార్త చదివి మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ పాపకి అన్నం పెడుతోంది. చెప్తే "మరి!" అంది. అంతే.

అలాగని అందరూ చెయ్యాలని కాదండోయ్. హంసానందిని గారు చూడండి. 'ఈగ', 'మిర్చి'లో అలరించిన అమ్మాయి. తల్లి కూడా రొమ్ము క్యాన్సర్‌తోనే పోయింది. తనకీ వచ్చిందని 2021 డిసెంబరులో చెప్పింది. అప్పటికే తొమ్మిది విడతల కీమో అయింది, యింకా ఏడు వున్నాయంది. పని పక్కన పెట్టింది. ఏడాది తిరిగాక, 2022 డిసెంబరులో మళ్ళీ సెట్లో అడుగుపెట్టింది. 'మురారి', 'ఇంద్ర'ల సొనాలీ బెంద్రే 2018లో టీవీ షో వదిలేసి న్యూయార్క్ వెళ్ళి వైద్యం చేయించుకుంది. వీళ్ళు మానినందుకు ఎవరైనా పిరికివాళ్ళంటే నేను కొట్లాటకి వస్తాను.

ఇంకో మనిషి సంగతి కూడా చెప్పాలి, ఆయన పేరు రాయను. మా సందులోనే హమాలీ. నోట్లో పుండు, గుట్కా అలవాటు. నేను పుస్తకాలు ఇంట్లో రాసుకుంటున్నానని తెలిసి నవ్వాడు. "నీకు పుస్తకం ఇంటికొస్తది అన్నా. నాకు బోరా ఇంటికొస్తదా?" ఆయన ఫిబ్రవరి దాకా మోశాడు. తర్వాత మోయలేదు. ఆ ఎండాకాలం దాటలేదు.

నా పన్నెండో సెలైను ఏప్రిల్లో అయింది. స్కాన్ బాగుంది. మే 23న 'మనం' విడుదల. ఇంకో పది రోజుల్లో తెలంగాణ రాష్ట్రం రాబోతోంది, ఊరంతా జెండాలు. నేను మాత్రం తూకం కుర్రాణ్ణి వెంటేసుకుని క్రాస్ రోడ్స్‌కి వెళ్ళాను. అయిదు నెలలు సంచీ మోసినందుకు వాడికి నేను బాకీ మరి!

నాగేశ్వరరావు గారు తెర మీదికి రాగానే హాలంతా ఈలలు. కొడుకు నాగార్జునే ఆయనకి తండ్రి వేషం. నాకు కథ మీద ధ్యాస లేదు. ఏ మాట కూచుని చెప్పారో, ఏ మాట పడుకుని చెప్పారో పట్టుకోవాలని కళ్ళు మూసుకున్నాను.

కుర్రాడు మోచేత్తో పొడిచాడు. "అన్నా, నిద్రొచ్చిందా?"

"లేదురా" అన్నాను. "వింటున్నా."